ధనియాల కన్ఫెటీ

“ఇవి విసిరితే తలలు పగుల్తాయి!” అన్నాడు మోహన్, అట్టపెట్టె మూత తీసి.

శాంతి తొంగిచూసింది. పెట్టె నిండా తెల్లటి పంచదార పూత పూసిన బాదం పప్పులు. తెల్లారితే పెళ్లి.

“నేను కన్ఫెటీ అనే చెప్పాను. వైట్ కన్ఫెటీ, ఫైవ్ పౌండ్స్. ఆ ట్రెంటన్ షాపావిడ ఫోన్లో మళ్లీ అడిగి కన్ఫర్మ్ చేసుకుంది కూడా!”

“పేపర్ అని చెప్పావా?”

“కన్ఫెటీ అంటే పేపర్ ముక్కలు కాక ఇంకేంటి? కొంటున్నది పెళ్లిలో చల్లడానికేగా!”

“ఇటాలియన్ స్వీట్ షాపులో పేపర్ ఎందుకు అమ్ముతారు మేడమ్?”

“పెళ్లయ్యాక కూడా ఇలాగే నా ప్రాణం తీస్తావా?”

“అప్పుడింకా ఎక్కువ. అప్పుడు హక్కు ఉంటుంది కదా” అని నవ్వాడు మోహన్.

అది 1984, జూన్ నెల. ప్లెయిన్స్‌బరోలో ఆ అపార్ట్‌మెంట్‌లో శాంతి, ఆమె తల్లి విమలకుమారి ఉంటారు. విమలకుమారి గుంటూరు నుంచి నర్సుగా అమెరికా వచ్చినప్పుడు శాంతి రెండో క్లాసు. పక్క బ్లాకులో మోహన్, వాళ్ల నాన్న సుందర్ రాజ్. ఆయన యూనివర్సిటీ లైబ్రరీలో యూరప్ భాషల పుస్తకాలు చూస్తారు. రెండు ఇళ్లవాళ్లూ ఒకే తెలుగు చర్చికి వెళ్తారు. ఈ పెళ్లి కుదరడం అంత తేలిగ్గా జరగలేదు. పట్టుబట్టి కుదిర్చింది శాంతీ, మోహనే.

విమలకుమారిది మాత్రం మొదటినుంచీ ఒకటే మాట. “ఆర్భాటం వద్దే. ప్రార్థన చేయించుకుని భోజనాలు పెడితే చాలు. నలుగురూ నవ్వుతారు.”

శాంతి వినలేదు. కిందటేడు ఆఫీసు స్నేహితురాలి పెళ్లికి తల్లిని తీసుకెళ్లింది. రంగు కాగితం ముక్కలు గాల్లో తేలుతూ మీద పడుతుంటే విమలకుమారి వాటిని ముడిలోంచి ఏరుకుంటూ చిన్నపిల్లలా పగలబడి నవ్వింది. తల్లి అలా నవ్వగా శాంతి అంతకుముందు చూడలేదు. ఆ నవ్వు మళ్లీ చూడాలని ఆమె పంతం.

ఇప్పుడు బాదం పప్పులు చూసి విమలకుమారి నిట్టూర్చింది. షాపులన్నీ మూసేసే వేళయింది. “పోనీలేమ్మా, దేవుడు కూడా వద్దంటున్నాడు. చల్లడాలూ అవీ ఏం అక్కర్లేదు.”

“మమ్మీ, ప్లీజ్! అట్లా అనకు” అంటూ శాంతి తల్లి చెయ్యి పట్టుకుంది.

అప్పుడే సుందర్ రాజ్ లోపలికి వచ్చారు. సంగతి విని, ఒక బాదం నోట్లో వేసుకుని కరకరమని కొరికారు.

“ఆవిడ తప్పేం లేదమ్మా. ఇటలీలో కన్ఫెటీ అంటే ఇవే. పెళ్లికి వచ్చినవాళ్లకి అయిదేసి పంచుతారు. ఆరోగ్యం, ఐశ్వర్యం, సంతోషం, సంతానం, దీర్ఘాయువు.”

“ఆ నాలుగోది మనకి అక్కర్లేదు డాడీ, తీసేద్దాం!” అన్నాడు మోహన్.

శాంతి అతని వీపు మీద ఒక్కటి వేసింది. విమలకుమారి ముఖం ఎర్రబడింది.

సుందర్ రాజ్ దగ్గి, మాట మార్చారు. “కన్ఫెటీకి మూలమైన లాటిన్ మాటకి ‘కలిపి తయారుచేసింది’ అని అర్థం. ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్లకి కోడలుగా వెళ్లిందో! ఫ్రెంచివాళ్ల ఇంట్లో జామ్ అయింది, కాన్ఫిట్యూర్. జర్మన్ల ఇంట్లో మిఠాయి అయింది, కాన్ఫెక్ట్. ఇంగ్లీషువాళ్ల దగ్గరికి వచ్చేసరికి తీపి పోయి కాగితం మిగిలింది.”

“మరి ఇటాలియన్స్ పేపర్‌ని ఏమంటారు అంకుల్?”

“కొరియాండొలి. అంటే ధనియాలు!”

“ధనియాలా?” అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

“పూర్వం పండగల్లో పంచదార పూసిన ధనియాలు ఒకరిమీద ఒకరు చల్లుకునేవాళ్లు. తర్వాత ఎప్పుడో కాగితాలొచ్చాయి. పేరు మాత్రం పోలేదు.” ఆయన వంటింటి వైపు తిరిగారు. “విమల గారూ, మీ ఇంట్లో ధనియాలున్నాయా?”

విమలకుమారి కొంగు దోపుకుని, అలమర పైఅరలోంచి పెద్ద సీసా దించింది.

మొదటి వాయ చెడిపోయింది. సుందర్ రాజ్ పాకం ముదరబెట్టేశారు. గరిటె మూకుడికి అంటుకుని ఊడి రాలేదు.

“పుస్తకాల్లో చదివితే పాకం రాదండీ. ఇటివ్వండి” అని విమలకుమారి గరిటె లాక్కుంది. లేత పాకం కొంచెం కొంచెంగా పోస్తూ, సన్నటి సెగ మీద కలియబెడుతూ పోయింది. ధనియాలు ముత్యాల్లా విడివిడిగా తెల్లబడ్డాయి. మోహన్ గుప్పెడు తీసి శాంతి నెత్తిన పోశాడు. శాంతి తిరిగి చల్లబోతే గురి తప్పి అవి సుందర్ రాజ్ కళ్లజోడు మీద పడ్డాయి. విమలకుమారి గరిటె పట్టుకునే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

మర్నాడు పాస్టర్ దైవాశీర్వాదం గారు ప్రార్థన ముగించి దీవెన పలికారు. చర్చి గంట మోగింది. పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని శాంతి ముందుగా మెట్లు దిగింది. పక్కనే కొత్త సూట్‌లో మోహన్. వచ్చినవాళ్లంతా బాదం పప్పులు నములుతూ, దోసిళ్లలో ధనియాలతో రెండు వరసలుగా నిలబడ్డారు. మెట్ల కింద శాంతీ, మోహన్ ఆగి, నవ్వుతూ వెనక్కి తిరిగారు.

“డాడీ మీద నేను చల్లుతా, మమ్మీ మీద నువ్వు చల్లు, చెల్లాయ్!” అన్నాడు మోహన్, దండలతో చేయీచేయీ పట్టుకుని మెట్లు దిగుతున్న పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ చూపిస్తూ.