బావ ఎంచిన సరంజామా

"బావా, ఈ మూడింట్లో ఏది తీసుకోమంటావు?" అన్నాడు డెల్, అద్దాల బల్ల మీద పరిచిన రైఫిళ్లను మురిపెంగా చూస్తూ.

హార్లన్‌కి ఒళ్లు మండిపోయింది. లోన్ స్టీర్ కొండల్లో ఎల్క్ అనే పెద్ద కొమ్ముల మగ దుప్పిని వేటాడే పర్మిట్ కోసం పెళ్లయిన నాటి నుంచీ ఏటా లాటరీలో పేరు వేస్తున్నాడు తను. ఓడిన ప్రతి ఏడూ, మరుసటిసారి అవకాశం పెంచే పాయింటు ఒకటి కలిసింది తప్ప పర్మిట్ రాలేదు. ఈసారైతే ఆవుల ఈతల హడావిడిలో కొట్టం వదలకుండా పడి ఉండి, గడువు సంగతే మరిచిపోయాడు. సరిగ్గా ఈ ఏడే భార్య తమ్ముడికి తగలాలా! బిల్లింగ్స్ పట్నంలో పియానోలు శ్రుతి చేసుకునేవాడికి, ఏనాడూ కొండెక్కి ఎరగనివాడికి, పేరు వేసిన మొదటిసారే!

పైగా సరంజామా ఎంచిపెట్టమని తననే కొట్టుకి లాక్కొచ్చాడు.

"ఏమిటాలోచిస్తున్నావు బావా?"

"నీ అదృష్టం గురించేరా" అన్నాడు హార్లన్. అబద్ధం కాదు. వాడింట్లో గోడకెక్కబోయే కొమ్ములు ఇప్పుడే అతని కళ్లలో గుచ్చుకుంటున్నాయి. తన భార్య వెర్నా వచ్చినవాళ్లందరికీ "మా తమ్ముడు కొట్టింది" అని చెప్పడం ఇప్పుడే చెవుల్లో పడుతోంది.

"ఆ చివరిది తీసుకో. పెద్ద మాగ్నమ్."

"బాగా బరువుగా ఉంది కదా?"

"మరి ఎల్క్ అంటే కుందేలనుకున్నావా? గుర్రమంత ఉంటుంది. దానికి తగ్గ తుపాకీ ఉండాలి."

డెల్ బుద్ధిగా తలూపి బూట్ల వైపు వెళ్లాడు. కొట్టు యజమానురాలు మార్వా బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది.

"అదేమిటి హార్లన్? ఆ తుపాకీ తన్నుకి భుజం పట్టేసిందనీ, నెల్లాళ్లు చెంచా కూడా ఎత్తలేకపోయాననీ నువ్వేగా గోలపెట్టావు?"

"ష్! నాది ముసలి భుజం. వాడిది కుర్ర భుజం. తట్టుకుంటుందిలే."

మార్వా అతన్ని ఓసారి ఎగాదిగా చూసింది.

"బావా, ఉన్ని కోటా, నూలు కోటా?" అని అటునుంచి కేకేశాడు డెల్.

"నూలుదే! ఉన్ని ఒళ్లంతా గీరుతుంది."

మంచు పడే కొండ మీద నూలు కోటు తడిస్తే మనిషి కొయ్యబారిపోతాడని ఆ ప్రాంతంలో నడక వచ్చిన ప్రతి పసివాడికీ తెలుసు. పియానోలవాడికి తెలియదు. మొదటి రోజే వణుక్కుంటూ దిగొస్తాడు, అంతేగా, చచ్చిపోడుగా అని హార్లన్ తనకి తానే సర్ది చెప్పుకున్నాడు. మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది కానీ, గోడ మీది కొమ్ములు గుర్తొచ్చి దాన్ని పీకి పారేశాడు.

ఇక బూట్లు.

"మనిద్దరిదీ ఒకటే సైజు కదా బావా. నాకు వీటి సంగతి తెలియదు. నువ్వే తొడిగి చెప్పు."

హార్లన్‌కి నవ్వాగలేదు. తన సైజు కంటే ఒకటి తక్కువ ఉన్న జత అడిగి తొడిగాడు. బొటనవేళ్లు మడతపడ్డాయి. మడమ దగ్గర చర్మం అప్పుడే ఒరుసుకుంటోంది. అయినా కొట్టు ఆ చివరి దాకా నడిచి, ఈ చివరికి వచ్చాడు.

"ఎలా ఉన్నాయి?"

"దూది మీద నడిచినట్టుందిరా" అన్నాడు పళ్లు బిగబట్టి. "ఈ మాత్రం బిగువుంటేనే కొండ దిగేటప్పుడు కాలు జారదు."

"నా కొట్టులో ఏది అమ్మినా వెనక్కి తీసుకోను. ముందే చెబుతున్నా" అంది మార్వా.

"అక్కర్లేదులే, కట్టెయ్!" అన్నాడు హార్లన్, డెల్ నోరు తెరిచే లోపలే.

బయటికొచ్చాక డెల్ సామానంతా తెచ్చి హార్లన్ ట్రక్కులో సర్దడం మొదలుపెట్టాడు.

"నా బండిలో ఎందుకురా? నీ కారు అదిగో అక్కడుంది."

డెల్ ఆపుకోలేని నవ్వుతో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నాకెందుకు బావా ఇవన్నీ? నాన్న పాత రైఫిల్, కోటూ, బూట్లూ ఉన్నాయిగా, అవి చాలు. ఇవి నీకు, పుట్టినరోజుకి అక్కా నేనూ కలిసి ఇస్తున్నాం. నువ్వు గడువు మరిచిపోయావని అక్క చెబితే, మనిద్దరి పేర్లూ జంటగా వేశాను. జంటకి తగిలితే ఇద్దరికీ పర్మిట్ వస్తుందట. నీ పాయింట్ల పుణ్యమే బావా, లేకపోతే నా మొహానికి తగులుతుందా!"

హార్లన్ ట్రక్కులోని మాగ్నమ్ వంకా, నూలు కోటు వంకా చూశాడు.

"ఏది నీకు సుఖమో తెలియక, అన్నీ నీ చేతే ఎంపిక చేయించాను" అన్నాడు డెల్, బూట్ల పెట్టె ఆప్యాయంగా అతని చేతుల్లో పెడుతూ. "రేపట్నుంచే ఇవి తొడిగి తిరుగు బావా, దూది మీద నడిచినట్టుందన్నావుగా!"