వెనక తలుపు తాళం

"మీరే చంపారు నా తమ్ముణ్ణి. మీరూ, మీ ప్రార్థనా."

చావింట్లో పెట్టిన ఆదరణ కూడికలో పాట ఆగిపోయింది. ఇరుకు గదిలో కూర్చున్న చర్చి సంఘమంతా అక్క వైపు తిరిగింది.

పరుపుల కార్ఖానా ఓనరు తల వంచుకున్నాడు. ఆయన సంఘ పెద్ద కూడా. రోజూ పొద్దున మిషన్లు వేసే ముందు పనివాళ్ళందర్నీ నిలబెట్టి ప్రార్థన చేయిస్తాడు. మధ్యలో ఎవడూ సిగరెట్టుకి జారుకోకుండా వెనక తలుపుకి బయట తాళం వేయిస్తాడు.

ప్రార్థన అయ్యాక తీయాలి. ఆ రోజు మరిచిపోయారు.

జిగురు కాచే హీటరు దగ్గర నిప్పు లేచి స్పాంజికి అంటుకుంది. ముందు వైపు ఉన్నవాళ్ళు పడుతూ లేస్తూ వీధిలో పడ్డారు. వెనక స్పాంజి కోసే తమ్ముడూ, మరదలూ పొగలో ఇరుక్కుపోయారు. ముందు మంట, వెనక తాళం.

"దేవుని చిత్తం మనకి అర్థం కాదమ్మా," అన్నాడు పాస్టరు, మెత్తగా.

"తాళం వేసింది దేవుడా అయ్యగారూ?"

"అలా అనకూడదు."

"మరెలా అనాలి? తాళంచెవి ఈయన జేబులో, నింద పైవాడి మీద. బాగుంది వరస."

లోపలి గదిలో మరదలు దగ్గుతోంది. ఆమెకి తెలివొచ్చేసరికి ఆసుపత్రి. మొగుడు లేడు. మంటల్లో ఎక్కడున్నాడయ్యా మీ దేవుడు, ఒకర్ని వదిలి ఒకర్ని ఎందుకు తీసుకుపోయాడు అని అడిగింది అక్క.

అందరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఒకడు మాత్రం మెట్టు మీద కూర్చున్నాడు. సంఘంలో ఎప్పుడూ చూడని మొహం.

"నువ్వూ మోసుకొచ్చావా దేవుని చిత్తం?"

"లేదమ్మా."

"మరి?"

"నేనూ ఆయన్ని తిడుతూనే ఉన్నా. ఒక్కణ్ణే తిట్టలేక వచ్చా."

అక్కకి నవ్వొచ్చినంత పనైంది. అందుకే ఇంకా మండింది.

"తిట్టుకోడానికి మా మెట్టే దొరికిందా? లే."

"ఒక్క మాట చెప్పిపోతా. లోపల ఆ అమ్మాయికి ఎలా..."

"ఆ అమ్మాయి సంగతి నీకెందుకు?"

తలుపు మూసేసింది.

మళ్ళీ వచ్చాడు. ఈసారి మెట్టెక్కలేదు. గోడకి ఆనుకుని ఆయాసపడుతున్నాడు.

"ఒక్క మాటమ్మా."

"మాటలు విని విని చెవులు తూట్లు పడ్డాయి. నువ్వు చెప్తే నా తమ్ముడు లేచొస్తాడా?"

"రాడు."

"అయితే పో."

"కాసిని నీళ్ళు..."

తలుపు సందులోంచి గ్లాసు అందించింది. సగం చొక్కా మీదే ఒలకబోసుకున్నాడు. పట్టపగలే తాగి తిరుగుతున్నాడనుకుంది. కిటికీ కూడా వేసేసింది.

ఆ తర్వాత ఓనరు పక్క షెడ్డులో మిషన్లు పెట్టించాడు. పనిలోకి రమ్మని మరదలికి కబురంపాడు.

"వెళ్తా వదినా. ఇంట్లో కూర్చుంటే కంచంలోకి అన్నం నడిచొస్తుందా?"

"వెనక తలుపు?"

మరదలు టిఫిను డబ్బా కడగడం మొదలుపెట్టింది.

"నిన్నే."

"కొత్త తాళం వేశారంట. పాతదానికంటే గట్టిది."

ఆ సాయంత్రమే ఒక లారీ డ్రైవరు గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మా క్లీనరు ఇవాళ పోయాడమ్మా. మీకేదో చెప్పాలని వచ్చాడంట. మీ మెట్టు మీద కూర్చున్నాడంట. చెప్పలేకపోయాడు. నన్ను చెప్పమన్నాడు."

అక్క ఈసారి తలుపు మూయలేదు. అతను చెప్పినంతసేపూ నిలబడే వింది. తర్వాత లోపలికెళ్ళి నిద్రపోతున్న మరదలి తల నిమిరింది.

పొద్దున్నే మరదలితోపాటు తానూ షెడ్డుకి నడిచింది.

కొత్త జిగురు వాసన. మిషన్ల ముందు పనివాళ్ళంతా వరసగా నిలబడ్డారు. పాస్టరు కూడా వచ్చాడు, షెడ్డుని ఆశీర్వదించడానికి. ఓనరు కళ్ళు మూసుకుని, "ప్రేమగల తండ్రీ," అన్నాడు.

"ఆగండి," అంది అక్క.

"ప్రార్థన మధ్యలో ఏంటమ్మా ఇది?" అన్నాడు పాస్టరు.

"దేవుడు కాసేపు ఆగుతాడు లెండి. మీతో ఆయనకి అలవాటే."

వెనక ఎవరో నవ్వు మింగారు.

"మంటల్లో దేవుడెక్కడున్నాడని మిమ్మల్నందర్నీ అడిగా. అడగాల్సిన మనిషి నా మెట్టు మీదే కూర్చుంటే, తాగుబోతని తరిమేశా."

"ఎవరు?" అన్నాడు ఓనరు.

"మీ తాళం పగలగొట్టినవాడు."

"అది ఫైరింజను వాళ్ళు కదా."

"ఫైరింజను వచ్చేసరికే తాళం నేల మీదుంది. పక్క గోడౌన్లో సరుకు దింపుతున్న లారీ క్లీనరు అతను. మీ పనివాడు కాదు, మీ సంఘం కాదు. గునపంతో తాళం బద్దలుకొట్టి పొగలోకి దూరాడు. నా తమ్ముడు పెళ్ళాన్ని అతని చేతుల్లోకి తోసి పడిపోయాడు. ఈమెని సందులో పడుకోబెట్టి, నా తమ్ముడి కోసం మళ్ళీ లోపలికెళ్ళాడు. దొరకలేదు. దొరకలేదని నాకు క్షమాపణ చెప్పుకోడానికి వచ్చాడయ్యా, గుండెల నిండా మీ పొగ పెట్టుకుని."

మరదలు వరసలోంచి బయటికొచ్చి అక్క పక్కన నిలబడింది.

పాస్టరు చేతులెత్తాడు. "ఆ సహోదరుని కోసం అందరం మోకరిద్దాం."

"మోకాళ్ళు తర్వాత," అంది అక్క, ఓనరు ముందు చెయ్యి చాపి. "దేవుడు పంపినవాడు నిన్న చచ్చిపోయాడు, తాళంచెవి ఇటివ్వండి."