మరిపెడ ఓడిన రోజు

"సార్, కిటికీ కాడ ఎవరో నిలబడ్డడు. మీకు ఎరుకేనంటాండు."

కౌంటరు గుమాస్తా వెంకట్రాజం మాట సారంగపాణి చెవికెక్కలేదు. ఆయన చెయ్యి టెలిగ్రాఫ్ మీట మీద ఉంది, ప్రాణమంతా మరిపెడ మీద ఉంది.

అవి డెబ్బై ఆరు నాటి ఎండాకాలం రోజులు. మధ్యాహ్నం రెండు దాటితే వరంగల్ టెలిగ్రాఫ్ ఆఫీసులో పని పలచబడేది. అప్పుడు సారంగపాణి, మరిపెడ ఆఫీసులో ఉండే ఆపరేటరు తీగ మీద ఇంగ్లీషు మాటల ఆట ఆడుకునేవారు. ఒకరి మాట ఏ అక్షరంతో ముగిస్తే, రెండోవారు ఆ అక్షరంతో మొదలయ్యే మాట కొట్టాలి. ఒకసారి వాడిన మాట ఆ వారంలో మళ్ళీ వాడకూడదు.

పదకొండు నెలలుగా ఆడుతున్నారు. పదకొండు నెలలుగా సారంగపాణి ఓడిపోతూనే ఉన్నాడు.

ఇద్దరూ మొహాలు చూసుకున్నది లేదు, పేర్లడిగింది లేదు. ఈయన వరంగల్, ఆయన మరిపెడ, అంతే. అయినా అంత దోస్తీ సారంగపాణికి సొంత తమ్ముడితో కూడా లేదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు మరిపెడకే చెప్పుకునేవాడు.

ఇవాళెందుకో మరిపెడ తడబడుతున్నాడు. 'రివర్' అని కొడితే ఎంతసేపటికో 'ర్యాట్' అని వచ్చింది. అన్నీ చిన్నపిల్లల మాటలే. చెయ్యి కూడా ఆగి ఆగి కొడుతోంది. ఎండదెబ్బేమో అనుకున్నాడు సారంగపాణి. గెలుస్తున్నవాడికి అంతకు మించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

వెంకట్రాజం మళ్ళీ వచ్చాడు.

"పాపం, గొంతుల గడ్డ లేచిందట సార్. మాట పెగుల్తలేదు. ఇయ్యాల్నే కొయ్యాలె అన్నరట దవాఖానల. సంతకం పెట్టెటానికి మనిషి కావాల్నట. ఇంటామె బాలింత, వెంట ఎవ్వరు రాలే."

"పేరేంది?"

"రాయమల్లు."

సారంగపాణి మెడ సాచి చూశాడు. గొంతుకు తువ్వాల చుట్టుకున్న నడివయసు మనిషి, చేతిలో కాయితం. ఇటు చూసి నవ్వాడు.

"ఆ పేరు నేనెన్నడు వినలే. ఆ మొహం నేనెన్నడు చూళ్లే," అన్నాడు సారంగపాణి. "గవర్మెంటు నౌకరోడు కనవడితె సాలు, సంతకానికొస్తరు. ఏమన్న అయితె రేపు నా మెడకు సుట్టుకుంటది. జర కూసోమను."

వెంకట్రాజం కిటికీ దగ్గరికి పోయి చెప్పాడు. "సారు మిమ్ముల ఎన్నడు చూళ్లేదంటాండు."

"నిజమే, చూళ్లే," అన్నాడు రాయమల్లు బొంగురు గొంతుతో. "ఆయన పని కానియ్యుండ్రి. కూసుంట."

బెంచీ మీద గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. లోపలి టకటకలు అక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి. పెదవులు కదులుతుంటే దేవుణ్ణి మొక్కుకుంటున్నాడు అనుకున్నాడు వెంకట్రాజం.

లోపల సారంగపాణి 'ఫాక్స్' కొట్టాడు.

ఆ ఆటలో ఎక్స్ అక్షరం ఒక గండం. ఎక్స్-రే సోమవారమే అయిపోయింది. ఇలాంటప్పుడు కూడా మరిపెడ ఏ డిక్షనరీ మూల నుంచో ఒక మాట లాక్కొచ్చేవాడు.

ఒక నిమిషమైంది. రెండు నిమిషాలైంది.

'ఓడిపోయిన' అని వచ్చింది అటునుంచి.

సారంగపాణి బల్ల చరిచాడు. "వెంకట్రాజం, మరిపెడ ఓడిపోయిండు. పదకొండు నెలలకు దొరికిండు."

ఆ కేక విని బెంచీ మీద మనిషి కూడా నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు తెర వచ్చి వంగిపోయాడు.

మూడున్నరకు టెలిగ్రాంలిచ్చే జనం పెరిగారు. రాయమల్లు లేచి కిటికీ పట్టుకున్నాడు. మొహమంతా చెమట, ఊపిరి తీస్తే ఈలలా చప్పుడు.

"నాలుగు గొట్టంగ డాక్టరు పోతడు. సారును ఒక్కసారి పిలువుండ్రి."

"రేపు పొద్దుగాల రమ్మను," తలెత్తకుండానే అన్నాడు సారంగపాణి.

రాయమల్లు ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు. చేత్తో సైగ చేయబోతే వెనకున్న జనం పక్కకు తోశారు. కాసేపటికి వెంకట్రాజం చూసేసరికి మనిషి లేడు.

మర్నాడు పొద్దున దవాఖాన నౌకరు కట్టయ్య ఒక టెలిగ్రాం ఫారం పట్టుకొచ్చాడు. రాయమల్లు చనిపోయాడు, వచ్చి శవాన్ని తీసుకుపోండి. చిరునామా ఆయన భార్య పూలమ్మ, మరిపెడ.

"నిన్నటి మనిషే సార్," అన్నాడు వెంకట్రాజం.

"సంతకం పెట్టెటోళ్ళు దొర్కలే," అన్నాడు కట్టయ్య. "తెల్లారంగ ఊపిరి ఆగింది."

సారంగపాణి మెడ సాచి ఖాళీ బెంచీ వైపు చూశాడు. లేచి పది అడుగులు వేస్తే అయిపోయేది. ముక్కూ మొహం తెలియనివాడే, అయినా ప్రాణం కదా. ఈ పాపం ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకోవడానికి ఆయనకు ఒక్కడే ఉన్నాడు.

మరిపెడకు టెలిగ్రాం కొట్టాడు. దాని వెనకే ఇంకో మాట కొట్టాడు.

'తప్పు చేసిన దోస్త్. నిన్న ఆటల పడి మీ ఊరాయన మొర వినలే.'

నిన్నటిలాగే ఆగి ఆగి జవాబు వచ్చింది.

'నేను నీ దోస్తును కాదు సార్, ఆయన సెలవు పెడితె ఆయన జాగల వచ్చిన కొత్తోణ్ణి. ఆట ఆగితె వరంగల్ ఫికర్ చేస్తడు, నువ్వు ఆడుతనే ఉండుమని చెప్పి, రాయమల్లు సారు నీ దగ్గరికే వచ్చిండు.'