సున్నాలో ఉన్న ఫ్లాగ్

ప్రదీప్ కుమార్ నౌపడలో ఉప్పుమళ్ల పక్కనున్న అద్దెయింట్లో కూర్చుని ఒక కంపెనీకి కెర్నల్ ప్రోగ్రాములు, అంటే యంత్రాన్ని లోపలి నుంచి నడిపే కోడ్, రాస్తాడు. భార్య ఇవాంజెలిన్‌కు ఎనిమిదో నెల. మంచం దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ప్రదీప్ ఆమె దిండు పక్కన వైరు లేని బటన్ ఒకటి పెట్టాడు. అది నొక్కితే ముందుగదిలో అతని బల్ల మీదున్న సర్క్యూట్ బోర్డు బెల్లు మోగిస్తుంది.

ఆ రాత్రి అదే బోర్డు మీద కొత్త కోడ్ పరీక్షిస్తున్నాడు. ప్రాసెసర్‌లో ఇంటరప్ట్ ఫ్లాగ్ అని ఒక బిట్ ఉంటుంది. అది ఒకటిగా ఉన్నంతసేపే ప్రాసెసర్ బయటి పిలుపులు వింటుంది. కాసేపటికే కదా అని అతను దాన్ని సున్నా చేశాడు. ఇక బటన్ ఎంత నొక్కినా బోర్డుకు వినపడదు.

బెల్లు మోగింది.

ప్రదీప్ కంప్యూటర్ తెర వైపు చూశాడు. ఫ్లాగ్ సున్నాలోనే ఉంది. బయట గాలి కూడా ఆగిపోయింది. బెల్లు మళ్ళీ మోగేసరికి లోపలిగదికి పరుగెత్తాడు.

"ఏటైందే? బటన్ నొక్కినావా?"

ఇవాంజెలిన్ నిద్రకళ్లతో చూసింది. "బటనేది బావా? ఇందాక నువ్వే అట్టుకెల్లిపోనావు కదా. కడుపు మీద సెయ్యేసి సూసినావు. నీ సెయ్యేటి, అంత సల్లగా ఉంది?"

అతను దిండు ఎత్తి చూశాడు. బటన్ లేదు.

ముందుగదిలో బెల్లు మళ్ళీ అందుకుంది. ఎవరో వేలు తీయకుండా నొక్కిపట్టినట్టు మోగుతూనే ఉంది. ప్రదీప్ తలుపు మూసి గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

బెల్లు ఆగింది. తలుపు అవతల, ఎవరో బరువుగా లేచినట్టు అతని కుర్చీ కిర్రుమంది.