పన్నెండుమందికి నాలుగు కుర్చీలు

ఉగాది పూట కొత్త వియ్యాలవారు పన్నెండుమంది గుమ్మంలో దిగేసరికి పేరిందేవికి ముచ్చెమటలు పోశాయి. ఊళ్ళో అందరిలాగే ఆవిడదీ తెలివైన ఇల్లే. ఒకటే గది; మంచం, బల్ల, కుర్చీలు పిలిస్తే గోడలోంచి వస్తాయి. తెలివి కొండంత, చోటు గోరంత.

“కుర్చీలు నాలుగేనండీ. నలుగురు తినేదాకా ఎనిమిదిమంది వరండాలో నిలబడాలి,” అంది ఇల్లు.

“వియ్యాలవారిని నిలబెడితే వియ్యం కాస్తా కయ్యమవుతుందే, ఇరుకు మొహమా! ఆ కుర్చీలూ బల్లా కూడా మింగెయ్!”

ఇల్లు మింగింది. పేరిందేవి ఖాళీ నేలమీద రెండు వరసల్లో అరిటాకులు పరిచి, అందర్నీ బాసింపట్లు వేయించి కూర్చోబెట్టింది.

పులిహోర వడ్డిస్తుండగా ఇల్లు కెవ్వుమంది. “పన్నెండుమంది నేలమీద పడిపోయారు! అంబులెన్సుని పిలిచేశాను!”

పాపం, కింద కూర్చుని తినేవాళ్ళని అది పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు.

ఐదు నిమిషాల్లో స్ట్రెచర్ మోసుకుంటూ ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. “పడ్డదెవరమ్మా?”

“అందరూ పులిహోరమీద పడ్డారు నాయనా. మీరూ కాళ్ళు కడుక్కుని రండి!”

వాళ్ళూ ఆకుల ముందు చేరారు. వియ్యపురాలు కనకాంగి మాత్రం బొబ్బట్టు తుంపుతూ, నేలకేసీ పక్కనున్న మొగుడికేసీ మార్చి మార్చి చూస్తోంది. కింద కూర్చోబెట్టినందుకు కోపమొచ్చిందేమోనని పేరిందేవి ఆవిడ ముందే తచ్చాడింది.

చివరికి కనకాంగి నోరు విప్పింది. “వదినగారూ, మా ఇంట్లో కుర్చీలు పద్నాలుగు. మా ఆయన ఆ చివర, నేనీ చివర. ఆయన పక్కన మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని తినడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి! వచ్చే ఉగాదికి పాతికమందిమి వస్తాం.”

“ముప్ఫైమంది రండి!” అంది పేరిందేవి, ఆవిడ ఆకులో ఇంకో బొబ్బట్టు వేసి, దానిమీద నెయ్యి ధారకట్టిస్తూ.