కేకల కొండ

"మాట్లాడు నుహాద్, పిల్ల వచ్చేసింది," అన్నాడు హాయెల్ బైనాక్యులర్ కళ్ళకు ఆనించుకుని.

నుహాద్ తెల్ల ముసుగు సరిచేసుకుని చేతి మైకు అందుకుంది.

తొమ్మిదేళ్ళ కిందటి యుద్ధంలో సరిహద్దు వచ్చి సరిగ్గా ఈ లోయలో పడింది. మధ్యలో కంచె, మందుపాతరలు. శుక్రవారం వస్తే రెండు కొండల మీదా జనం చేరి, విడిపోయిన తమవాళ్ళతో అరిచి మాట్లాడుకుంటారు. పెళ్ళి కబురైనా, పురుడి కబురైనా, చావు కబురైనా ఇక్కడే, అందరూ వింటుండగానే.

యుద్ధం వచ్చేనాటికి హాయెల్ కూతురు రుదైనాకి ఐదేళ్ళు. డమాస్కస్‌లో ఉన్న బాబాయి నాయెఫ్ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళింది. వారం ఉండి రావాల్సిన పిల్ల అక్కడే పద్నాలుగేళ్ళదైంది. వెనక్కి రప్పించడానికి హాయెల్ పెట్టని అర్జీ లేదు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

ఆ పిల్ల తల్లి వఫీకా తొలి మంచు పడిన వారంలో కన్నుమూసింది. పోయేముందు చెల్లెలు నుహాద్ చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

"నా చావు దానికి మైకులో చెప్పకండే. అంతమందిలో ఒక్కతే నిలబడి వినాలి. ఇల్లు చేరాక, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పు."

అందుకని నాలుగు నెలలుగా నుహాదే వఫీకా. తెల్ల ముసుగేస్తే ఆ దూరానికి ఈ ఊరి ఆడవాళ్ళంతా ఒక్కలాగే కనబడతారు. మైకులో ఎవరి గొంతైనా రేకుడబ్బా మోతే. పోయిన వేసవిలో పిల్ల గొంతు మారిందని, పెద్దదవుతోందని వఫీకా ఎంత మురిసిపోయిందో! ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు. ఒక్కరూ నోరు జారలేదు.

మొదట్లో కొండెక్కుతుంటేనే నుహాద్‌కి గుండె దడదడలాడేది. ఇప్పుడు అదీ లేదు. ఏడుపూ రావడం లేదు. మంచులో ఎక్కువసేపు పెట్టిన చేతిలా లోపలంతా మొద్దుబారిపోయింది.

"తిన్నావా తల్లీ?"

"తిన్నానమ్మా! ముజద్దరా!"

"పప్పన్నమా? అదంటే నీకు పడదుగా!"

అవతల కాస్త ఆలస్యమైంది. "ఇప్పుడు ఇష్టమేనమ్మా!"

పక్కనే ఒకావిడ అవతలున్న కొడుకుని పెళ్ళి చేసుకోమని తిట్టిపోస్తోంది. "నెత్తి మీద నాలుగు వెంట్రుకలున్నప్పుడే చేసుకోరా! ఆ తర్వాత నీకు పిల్లనెవడిస్తాడు?"

రెండు కొండలూ నవ్వాయి. నుహాద్ మాత్రం తర్వాత ఏమడగాలా అని వెతుక్కుంటోంది.

"నువ్వు బయల్దేరిననాడు వేసుకున్న పచ్చ గౌను గుర్తుందా? నేనే కుట్టాను!"

హాయెల్ చప్పున మైకు మీట ఆపి, ఆమె మోచెయ్యి గట్టిగా నొక్కాడు. "పచ్చది కాదు, ఎర్రది! కొంప ముంచావు కదా!"

నుహాద్ ఇక అయిపోయింది అనుకుంది. పిల్ల పట్టేస్తుంది, నువ్వెవరని ఇంతమందిలో నిలదీస్తుంది.

"గుర్తుందమ్మా! పచ్చ గౌను! ఇంకా దాచుకున్నాను!"

హాయెల్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "పసిదిగా అప్పుడు, రంగు మర్చిపోయినట్టుంది. బతికిపోయాం."

"ఇంకా ఎన్నాళ్ళు బావా? అబద్ధం చెప్పీ చెప్పీ నాకు అక్కయ్య గొంతెలా ఉండేదో కూడా గుర్తు రావడం లేదు."

"ఈసారి అనుమతి వచ్చేట్టుందన్నారమ్మా. ఇంకొక్క నెల ఓపిక పట్టు. అది ఇల్లు చేరితే చాలు నాకు."

నుహాద్ తలూపి మళ్ళీ మైకు ఎత్తింది. "జాగ్రత్త తల్లీ! మళ్ళీ శుక్రవారం!"

"సరేనమ్మా! నువ్వూ జాగ్రత్త!"

మాట అవగానే మీట నొక్కి మైకు ఆపుతారు, టక్కుమని చప్పుడొస్తుంది. ఇవాళ అవతలి నుంచి ఆ చప్పుడు రాలేదు. కొండ దిగబోతున్న నుహాద్ ఆగింది. అవతల ఎవరో దగ్గారు. కాళ్ళకింద రాళ్ళు కదిలిన శబ్దం వచ్చింది. ఆ తర్వాత అదే ఆడపిల్ల గొంతు, అరుపు లేకుండా, అలసటగా, లోయంతా వినిపించింది.

"నాయెఫ్ మామా, రుదైనా పోయి ఏడాది కావస్తోంది, పాపం ఆ తల్లికి ఎప్పుడు చెబుతారు?"