డ్రాయింగ్ పీరియడ్

“సంతకమా? దేనికండీ?”

బరంపురం బడా బజార్‌లో పట్టుచీరల కొట్టు కాశీవిశ్వనాథం కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

“హైస్కూళ్లలో డ్రాయింగ్ పీరియడ్ తీసేత్తారట బాబూ. జెనం మాటేటో సెప్పమని గవర్మెంటోలు నెలాఖరు దాకా గడువిచ్చినారు,” అన్నాడు ముసలాయన, ఒడియాలో రాసిన అర్జీ బల్లమీద పరుస్తూ.

“పోతే పోనీండి. బొమ్మలు గీస్తే కూడెడతాదేటి?”

“నీ సీరల అంచులు ఎవులు గీసినారు?”

కాశీవిశ్వనాథం కలం అందుకుని సంతకం పెట్టేశాడు.

పక్కనే చీరలు చూస్తున్న అపర్ణ చెవులు రిక్కించింది. ఆమె ఆ ఊళ్లోనే ఒక హైస్కూల్లో కాంట్రాక్టు టీచరు. ఆ పీరియడ్ ఎత్తేస్తే ఆమె ఉద్యోగానికీ నీళ్లొదులుకోవాల్సిందే.

“మీరు డ్రాయింగ్ మేస్టారా తాతగారూ?”

ఆయన నవ్వేశాడు.

“నువ్వేటి సేస్తావమ్మా?”

“డ్రాయింగ్ టీచర్నండి.”

ఆయన గబుక్కున రెండు చేతులూ జోడించాడు. తాత వయసువాడు దండం పెట్టేసరికి అపర్ణ సిగ్గుతో చచ్చిపోయింది.

“నువ్వూ ఓ సంతకం ఎట్టమ్మా.”

“కాంట్రాక్టు ఉద్యోగమండీ. నేను పెడితే బాగోదు.”

ఆయన అర్జీ మడిచి పక్క కొట్టుకి నడిచాడు. మనవడికి ఈ పోస్టు వేయించుకోవాలని తిప్పలు కాబోలు, అనుకుంది అపర్ణ.

నాలుగు నెలలకి ఉత్తర్వు వచ్చింది. డ్రాయింగ్ తీసెయ్యలేదు సరికదా, వారానికి రెండు పీరియడ్లు తప్పనిసరి చేశారు. పరీక్షలు ముంచుకొచ్చినా సరే, ఆ పీరియడ్‌లో మరో పాఠం చెప్పకూడదన్నారు.

స్కూల్లో పిల్లలు ఈలలేశారు. అపర్ణకి కాళ్లు నేలమీద నిలవలేదు.

కాశీవిశ్వనాథాన్ని అడిగి ఆ పెద్దాయన చిరునామా కనుక్కుంది. మిఠాయి పొట్లం పట్టుకుని ఆయన ఊరు హుమ్మకి బస్సెక్కింది.

ఇంటికి తాళం.

“మూర్తిగారా? నిన్ననే సూరత్ ఎల్లిపోనారమ్మా, కూతురు కాడికి. ఇంక ఇటు రారు,” అన్నాడు పక్కింటి పోతయ్య.

అపర్ణ ఉసూరుమంది. ఒక్కరోజు ముందొస్తే ఆయన కాళ్లకి దండం పెట్టుకునేది. అయినా మంచి కబురు తీపి లేకుండా ఎందుకని మిఠాయి పొట్లం పోతయ్య చేతిలోనే పెట్టింది.

“ఆయన ఏ స్కూల్లో చెప్పేవారండీ డ్రాయింగు?”

పోతయ్య పకపకా నవ్వాడు.

“డ్రాయింగేటమ్మా! పరీచ్చలొత్తన్నాయని ముప్పయ్యేళ్లు పిల్లల డ్రాయింగ్ పీరియడ్లన్నీ లాగేసుకున్న లెక్కల మేస్టారు ఆయినే.”